ఏనుగు దూరంగా ఉంటేనే బలం

గ్రాండ్‌మాస్టర్లు పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారికల ఊరు గుంటూరు. అక్కడ చదరంగం తొలిమెట్టు ఎలా ఉంటుందో చూద్దామని ఓ సాయంత్రం పిల్లల శిక్షణ కేంద్రానికి వెళ్లాను. మేడ మీద ఒకటే గది. గోడకు అయస్కాంతపు పావుల బోర్డు. కింద చాపల మీద బడి నుంచి నేరుగా వచ్చిన పిల్లలు.

ఆ రోజు పాఠం రెండు ఏనుగులతో ఒంటరి రాజును మేట్ చేయడం. ఒక ఏనుగు ఓ అడ్డవరుసను మూసేస్తుంది, రెండోది పక్క వరుసలో చెక్ ఇస్తుంది. అలా రాజును అంచుదాకా తరుముతారు. ఓ అబ్బాయి బాగానే తరిమాడు. అతని ఏనుగులు ఏ7లో, బి6లో ఉన్నాయి. నల్లరాజు సి8కి చేరాడు. అబ్బాయి ఉత్సాహంగా బి8లో చెక్ ఇచ్చాడు. ఎదుటి పాప రాజుతో ఆ ఏనుగును తినేసింది.

కోచ్ పావుల్ని మళ్లీ సర్ది, బి6 ఏనుగును అదే వరుసలో హెచ్6కు జరిపారు. "ఏనుగుకు దగ్గరతనం పనికిరాదు నాన్నా. ఆ చివర నుంచైనా అంతే బలం. రాజు చేయి మాత్రం అంతదూరం అందదు." రాజు బి8కి వచ్చి రెండో ఏనుగును బెదిరించాడు. అదీ జి7కు పోయింది. తర్వాతి ఎత్తు హెచ్8లో మేట్.

ఖాళీ బోర్డు మీద ఏనుగు ఎక్కడున్నా 14 గడులు దాని ఏలుబడిలో ఉంటాయి. శకటుకు నడుమ 13, మూలలో 7. మంత్రికి నడుమ 27. పాత ఆటలో ఇంత దూరపు నడక ఏనుగుకే ఉండేది. శకటు ఐమూలగా రెండో గడికి దూకేది, మంత్రి ఐమూలగా ఒక్క గడే నడిచేవాడు. 15వ శతాబ్దం చివర్లో ఐరోపాలో ఆ రెండింటికీ నడక పెరిగింది. ఏనుగు, గుర్రం మారలేదు కాబట్టే ఆ రెండూ కలిసి చేసే అరేబియన్ మేట్ ఇప్పటికీ చెల్లుతోంది: రాజు హెచ్8లో, ఏనుగు హెచ్7లో, దానికి కాపుగా గుర్రం ఎఫ్6లో.

తర్వాత గోడ బోర్డు మీద ఓ ప్రశ్న. నల్లరాజు జి8లో, పక్కన ఎఫ్8లో అతని ఏనుగు, ముందు ఎఫ్7, జి6, హెచ్7 బంట్లు. తెల్లమంత్రి హెచ్6 నుంచి జి7కు వచ్చి చెక్ ఇచ్చాడు.

"మేటేనా?"

"కాదు సర్, రాజు మంత్రిని తినేస్తాడు!"

ఓ పాప లేచి, బి2లో ఉన్న తెల్లశకటు నుంచి జి7 దాకా వేలితో గీత గీసింది. మధ్యలో ఏ పావూ లేదు. గదంతా "ఓ..." అంది. కోచ్ మూడు ప్రశ్నలు వల్లె వేయించారు: రాజు కదలగలడా? మధ్యలో అడ్డం పెట్టగలమా? చెక్ ఇచ్చిన పావును చంపగలమా? మూడింటికీ కాదంటేనే మేట్.

చివర్లో ఆటలు మొదలయ్యాయి. ఏనుగును పోగొట్టుకున్న అబ్బాయి పక్కన కూర్చున్నాను. ఈసారి అతనివి నల్లపావులు. రాజు ముందు మూడు బంట్లూ కదలకుండా ఉన్నాయి. తెల్ల ఏనుగు ఇంకా డి1లోనే ఉంది. అబ్బాయి ఆ నిలువు వరుసను కింది నుంచి పైదాకా చూసి, హెచ్ బంటును ఒక గడి ముందుకు జరిపాడు.

"అది ఇంకా ఇంట్లోనే ఉందిగా, ఎందుకు భయం?" అన్నాను.

"డి8 కనబడుతోందండీ దానికి," అన్నాడు.