అంగుళంలో వెయ్యో వంతు

తూటాకి కూడా ఒళ్లుంటుందని పెన్సిల్వేనియా వచ్చేదాకా నాకు తెలీదు. ఇక్కడి వాళ్ల మాటల్లో ఆ ఇత్తడి కేసుకి మెడ ఉంది, భుజం ఉంది, నోరు ఉంది. తల మాత్రం అడుగున ఉంటుంది! ఇంకా ఒక్కసారి కూడా పేలని కొత్త కేసుని ‘వర్జిన్ బ్రాస్’ అంటారు. ఇరవయ్యేళ్లుగా స్త్రీవాద విమర్శ పాఠం చెప్తున్నదాన్ని, ఆ మాట వినగానే నవ్వొచ్చింది. కన్యాత్వం గొడవ ఇత్తడి దాకా వచ్చిందన్నమాట.

చెప్పింది మా పక్కింటావిడ. డెబ్బై దాటిన మనిషి. స్కూలు లైబ్రరీలో పనిచేసి రిటైరైంది. ఆవిడ భర్త బెంచ్‌రెస్ట్ పోటీలకి వెళ్లేవాడు. తుపాకీని బల్లమీద ఆనించి, దూరాన ఉన్న కాగితం మీద వరసగా కాల్చిన గుళ్లన్నీ వీలైనంత దగ్గర దగ్గరగా పడేట్టు చూడడమే ఆట. మా రాష్ట్రంలో విలియమ్స్‌పోర్ట్‌లో 1967 నుంచి వెయ్యి గజాల దూరానికి ఈ పోటీలు జరుగుతున్నాయి. వాళ్లింటి హాల్లో గోడనిండా ఆయన పేరున్న ఫలకాలే.

ఓ చలికాలం మధ్యాహ్నం బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లి ఒక బల్ల చూపించింది. ‘ఇది ఆయనది అనుకుంటారందరూ. నాది’ అంది.

ఆ పనేమిటో కాస్త వివరంగా చెప్పాలి. తూటా పేలినప్పుడు ఆ ఒత్తిడికి ఇత్తడి ఉబ్బి తుపాకీ గదికి అతుక్కుంటుంది. పోటీల వాళ్లు ఆ ఖాళీ కేసుని పారెయ్యరు. డై అనే ఉక్కు అచ్చులో నొక్కి మెడని మళ్లీ కొలతకి తెస్తారు. నొక్కినంత మేరా ఉండదు, కొంచెం వెనక్కి లేస్తుంది. ఆ లేచేదాన్ని కూడా లెక్కలో పెట్టుకునే నొక్కాలి. అంతకన్నా ముందు జరగాల్సింది మెడ చెక్కడం. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కేసులో మెడ గోడ ఒక పక్క మందంగా, ఇంకో పక్క పల్చగా ఉంటుంది. తేడా ఎంతనుకున్నారు? అంగుళంలో వెయ్యో వంతు, మహా అయితే రెండు. మన తలవెంట్రుక మందం సుమారు మూడు. ఆ కాస్త తేడాకే మెడ గుండుని ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ పట్టుకుంటుందట, గుండు నడిమధ్య నుంచి బయల్దేరదట. అందుకని మెడని ముందు కొంచెం వెడల్పు చేసి, నూనె రాసిన సన్నటి ఉక్కు కడ్డీకి తొడిగి, కేసుని తిప్పుతూ పైనుంచి కత్తితో గీస్తారు. భుజం మొదలయ్యే చోటు దాకా వెళ్లి, దాన్ని రవ్వంత తాకి ఆగాలి. తాకకపోతే అక్కడ లోపలికి వలయంలా ఉబ్బు మిగుల్తుంది. ఎక్కువ తాకితే కేసు అక్కడే తెగుతుంది.

పదో పన్నెండో చేశాక కడ్డీ వేడెక్కుతుంది. వేడెక్కితే లావెక్కుతుంది. కొలత మారిపోతుంది. ఆవిడ అప్పుడు చేతులు కట్టుకుని కూర్చుంటుంది, చల్లారేదాకా. అది నాకు బాగా నచ్చింది. ముప్ఫై ఏళ్లు, ఏడాదికి కొన్ని వందల మెడలు, ఆ చల్లారే సమయాల్లో నవలలు చదివానంది.

రేంజిలో ఎవరైనా కేసుల సంగతి అడిగితే భర్త ఏమనేవాడంటే, ‘మా ఆవిడ కాస్త సాయం చేస్తుంది’ అని.

సాయం! పొలంలో నాట్లు వేసినా సాయమే, కొట్లో కూర్చున్నా సాయమే. మన యూనివర్సిటీల్లో పాత థీసిస్‌లు తిరగేయండి. కృతజ్ఞతల చివరి వాక్యంలో, టైపు చేసిపెట్టిన భార్య ఉంటుంది, చాలాసార్లు పేరు కూడా లేకుండా. టాల్‌స్టాయ్ రాతప్రతుల్ని మళ్లీ మళ్లీ సాఫు రాసిన సోఫియా గురించి మనం ఎన్నో వ్యాసాలు రాసుకున్నాం. బేస్‌మెంట్‌లో మైక్రోమీటరు పట్టుకున్న మనిషి మాత్రం మన సిలబస్‌లో ఎక్కడా తగల్లేదు నాకు.

ఆయన పోయిన మరుసటేడు ఆవిడ తన పేరుతో పోటీకి వెళ్లింది. పంతొమ్మిదో స్థానం వచ్చింది. పక్క బల్ల మీదున్న కుర్రాడు మర్యాదగానే అడిగాడట, ‘మీ కేసులు ఎవరు చేసిస్తారండీ?’ అని.

ఇత్తడి నాకు కొత్త కాదు. చింతపండుతో తోమిన బిందెల ఇంట్లో పెరిగాను. బిందెకి సొట్ట పడితే కంచరాయన ముందు కాచేవాడు, తర్వాతే కొట్టేవాడు. కాచకుండా కొడితే చిట్లుతుందనేవాడు. ఇక్కడా అదే. కాలుస్తూ నొక్కుతూ ఉంటే మెడ గట్టిపడి పెళుసెక్కుతుంది, అందుకే మధ్యమధ్యలో మెడ వరకే వేడిచేసి మెత్తబరుస్తారు. తలకి వేడి తగలనివ్వకూడదు, అది గట్టిగా ఉంటేనే ప్రాణాలు నిలబడతాయి. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే, వానాకాలం గుర్రపుసాలల్లో దాచిన తూటాల కేసులు వాటంతటవే పగిలిపోయేవి. గుర్రాల మూత్రంలోంచి లేచే అమోనియా, తేమ, ఇత్తడి లోపల మిగిలిపోయిన బిగువు కలిసి చేసిన పని అదని 1921లో వివరించారు. ఈ సంగతి నేనే ఆవిడకి చెప్పాను. చాలాసేపు ఆలోచించి, ‘లోపలి బిగువు బయటికి కనపడదు కదా’ అంది.

ఇంతా రాస్తున్నాను గానీ, ఆ బల్ల దగ్గర కూర్చోవడం నాకు సుఖంగా లేదు. 2018 అక్టోబర్ 27న ఇదే రాష్ట్రంలో, పిట్స్‌బర్గ్‌లో, ప్రార్థనకి వచ్చిన 11 మందిని ఒకడు కాల్చి చంపాడు. ఆ తర్వాత కొన్నాళ్లు వాళ్లింటికి వెళ్లలేకపోయాను. వెళ్లినప్పుడు అడిగేశాను, మీకేమీ అనిపించదా అని.

‘నా తుపాకీ పదిహేడు పౌన్లు. బల్ల లేకుండా దాన్ని కాల్చలేను. కాగితం తప్ప దేన్నీ కాల్చలేదు’ అంది.

అది నిజమే. నాకు చాలలేదు. తుపాకుల చట్టాలు గట్టిపడాలంటాను నేను. ఆవిడ కొన్నింటికి ఒప్పుకుంటుంది, కొన్నింటికి ఒప్పుకోదు. మేమిద్దరం ఆ విషయం మీద రెండేళ్లుగా పోట్లాడుతూనే ఉన్నాం. ఈ మధ్య ఆవిడకి చూపు మందగించింది. మైక్రోమీటరు మీద గీతలు నన్ను చదవమంటుంది. చదువుతున్నాను. పన్నెండు, పన్నెండు, పన్నెండున్నర. అరకి ఆగి, ఆ కేసుని పక్కన పెట్టమంటుంది.