వరదనీటికి విడిది

వుజూకు నీరు దొరకనప్పుడు తయమ్ముమ్ చేసుకోవాలని మన ఇళ్లలో పిల్లలకు చిన్ననాడే నేర్పుతాము. చుట్టూ నిలువెత్తు నీరున్నా ఆ అవసరం రావచ్చునని మాకు 2024 సెప్టెంబరులో తెలిసింది. బుడమేరు నీటిని కృష్ణలోకి మళ్లించే కాలువకు గండ్లు పడి విజయవాడలోని సింగ్ నగర్ పరిసరాలు మునిగినప్పుడు, మేము మేడమీద చిక్కుకొన్నాము. క్రింద పారేది మురుగు కలిసిన వరద. బిందెలో మిగిలినది పిల్లల దాహానికే చాలదు. సున్నపు గోడను తాకి తయమ్ముమ్ చేసుకొని నమాజు చేశాము. పొరుగున ఉన్న హిందూ కుటుంబంతో ఉన్న అన్నం పంచుకొన్నాము.

“ఈ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయి?” అని చిన్నపాప అడిగింది. దానికి సమాధానం కొల్లేరు.

కృష్ణా, గోదావరి నదులు తెచ్చిన ఒండ్రుతో ఇరువైపులా నేల ఎత్తుగా పెరుగుతూ రాగా, నడుమ మిగిలిన పల్లమే ఆ సరస్సు. మైలవరం వైపు కొండల నుండి వచ్చే బుడమేరు, తమ్మిలేరు వంటి ఏళ్లు అందులో కలుస్తాయి. వచ్చిన వరదను సరస్సు తనలో నిలుపుకొని, ఉప్పుటేరు ద్వారా మెల్లమెల్లగా బంగాళాఖాతానికి పంపుతుంది. ఒకవిధంగా అది వరదనీటికి విడిది. అక్కడి నాచు, గడ్డి, చేపలు, గూడబాతులు ఆ నీటి రాకపోకలపైనే బ్రతుకుతాయి.

ఐదో కాంటూరు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ జాబితాలో చేరింది. అయినా చేపల చెరువుల గట్లు సరస్సులోకి చొచ్చుకువచ్చాయి. 2006లో అనేక గట్లను తొలగించారు; తరువాత మళ్లీ వెలిశాయి. ఆ చెరువులపై ఆధారపడి బ్రతికే పేద కుటుంబాలున్నాయి గనుక ఇది సులభంగా తేలే విషయం కాదు. కానీ గట్టు లోపల చేరిన చోటు వరదకు దక్కదు. దిగువన చోటు తగ్గితే ఎగువ నీటికి దారి మందగిస్తుంది.

ఈ మధ్య మా బంధువులకు ఇంటిస్థలం చూడవలసి వచ్చింది. దస్తావేజులు, ధర, మస్జిదు ఎంత దూరమో అందరూ విచారించారు. మేము మరొకటి అడిగాము: వాన కురిస్తే ఇక్కడి నీరు ఎటు పోతుంది? చూపించినవారు జవాబు చెప్పలేకపోయారు. ఆ స్థలం వద్దనుకొన్నాము.