ఆషాఢంలో భీమిలి

సముద్రం చూడాలంటే సంక్రాంతి సెలవులే రావాలా? విశాఖలో ఉండే మిత్రులందరికీ నా మాట: ఈ వానల్లోనే పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకుని భీమిలి వెళ్లండి. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయడం కాదు, రాత్రి అక్కడే ఉండండి.

మేం అదే చేశాం. గంట ప్రయాణం, టికెట్ల గొడవ లేదు. డిసెంబర్లో దొరకని సముద్రం వైపు గది తక్కువ అద్దెకే దొరికింది. జూన్ 14తో వేట నిషేధం ముగుస్తుంది కాబట్టి తీరం మళ్లీ పడవలతో కళకళలాడుతోంది. పొద్దున్నే వలలోంచి కవ్వళ్లు విడదీస్తుంటే మా అమ్మ అక్కడే బేరమాడి కొనేసింది. గోస్తని సముద్రంలో కలిసేచోట ఎర్రటి వాన నీరూ ఉప్పునీరూ గీత గీసినట్టు విడివిడిగా కనిపిస్తే, పిల్లలు కదల్లేదు. పాత డచ్చి సమాధుల మీది రాతల్లో ఏళ్ల అంకెలు వెతికి చదివారు. వాన పడితే వరండాలో కూర్చుని కాల్చిన మొక్కజొన్న పొత్తులు తిన్నాం.

ఒక్క జాగ్రత్త: ఈ నెలల్లో అలల పోటు ఎక్కువ. పాదాలు తడుపుకోండి, లోపలికి మాత్రం దిగొద్దు.

ఇంటిల్లిపాదీ తొందర లేకుండా ఒక్కచోట కూర్చోవడమే అసలు సెలవు. అది పక్క ఊళ్లోనే దొరుకుతోంది. పండగల దాకా ఆగకండి.