ఉప్పునీటి నడుమ క్రిస్మస్



క్రిస్మస్ కార్డుల మీద ఎప్పుడూ మంచు కురుస్తూ ఉంటుంది. మన మందిరాల్లో కూడా చెట్టుకు దూది అంటించి దానినే మంచు అనుకుంటాము. ఓర్వకల్లు ప్రాంతములో మనము ఎరిగిన డిసెంబరు వేరు. రాతిగుట్టల మీదనుండి వీచే చలిగాలి, నల్లరేగడి చేలల్లో శనగపైరు, పనులు వెదుక్కుంటూ గుంటూరుకో హైదరాబాదుకో వెళ్లినవారి ఇండ్లకు తాళాలు. మన పండుగ వీటి నడుమనే జరుగుతుంది.

2024 డిసెంబరులో అండమాను దీవిలోని ఒక తెలుగు సంఘము వారు క్రిస్మస్ కూడికలకు రమ్మని పిలిచారు. చెన్నైలో ఓడ ఎక్కితే దాదాపు మూడు రోజుల ప్రయాణము. ఎటు చూచినా నీళ్లే. బిందెడు నీళ్ల కోసం బోరింగు దగ్గర వరుసలో నిలబడే ఊళ్లనుండి వెళ్లినవాడిని గనుక నా కన్నులకు అది వింతగానే ఉండెను.

మేము దిగిన పట్టణము పేరు పోర్టుబ్లెయిరు. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చినది. అక్కడ డిసెంబరులో చలి లేదు, ఉక్కపోత. సాయంత్రము 5 గంటలకే చీకటి పడుతుంది. సంవత్సరమునకు సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది, అంటే మన కర్నూలు వానకు నాలుగింతలకు పైగా. అయినను వేసవి వచ్చేసరికి అక్కడ కూడా కొళాయి నీళ్లకు కరవే. రెండు మూడు రోజులకొకసారి వదులుతారట. చుట్టూ సముద్రమున్నా త్రాగే నీరు దేవుడు పైనుండి పంపవలసినదే.

2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవుల జనము 3,80,581. వారిలో నూటికి 13 మంది తెలుగు మాట్లాడేవారు. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుండి చేపలవేటకు, కూలిపనులకు వెళ్లి స్థిరపడినవారి సంతానము. పండుగకు అరిసెలు వండుతారు, చేపలపులుసు పెడతారు. వారి యాస మొదట నాకు అర్థము కాలేదు, నా సీమ మాట వారికి నవ్వు తెప్పించినది. పాట మొదలయ్యేసరికి అందరిదీ ఒకే గొంతు.

వారి క్రిస్మస్ పాటల బృందము వెళ్లే తీరు నన్ను ఆలోచింపజేసినది. మన ఊళ్లలో సంఘపెద్ద ఇంటినుండి మొదలుపెడతాము. ఆ సంవత్సరము చావు జరిగిన ఇల్లయితే, వారికి పండుగ లేదులే అని నెమ్మదిగా దాటిపోతాము. అక్కడివారు మొదట అటువంటి ఇంటికే వెళ్లారు. ఒక ముసలి తల్లి గడపలో కూర్చొని ఉన్నది. పైన నక్షత్రము వెలుగుతున్నది. పాట అయిన తరువాత ఆమె నాతో ఇట్లన్నది: "మా పెద్దోడు కేంబెల్ బేకి పనికెల్లాడు బాబూ. ఆ సునామీ రోజునుంచి కబురు లేదు. ఆడు సీకట్లో వస్తే ఇల్లు తెలవాల గదా అని సుక్క ఎలిగిస్తన్నాను."

20 సంవత్సరాలు! నేను ప్రార్థన చేయుటకు నోరు తెరిచితిని గాని మాట వెంటనే రాలేదు.

2004వ సంవత్సరములో క్రిస్మస్ శనివారము వచ్చినది. మరునాడు ఆదివారము ఉదయము 6:30 గంటల ప్రాంతములో సుమత్రా దగ్గర సముద్రగర్భము కంపించినది. కొద్దిసేపటికే అలలు నికోబారు దీవుల మీద పడినవి. నికోబారు వాసులలో ఎక్కువమంది క్రైస్తవులు. వారిలో పుట్టిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ గారు కొత్త నిబంధనను ఆ భాషలోనికి తర్జుమా చేసినవారు, 1952లో లోక్‌సభకు నియమింపబడినవారు. పండుగ చేసికొని నిద్రించిన ఆ ఊళ్లలో తెల్లవారేసరికి ఇండ్లు లేవు, మందిరాలు లేవు, వేలమంది మనుషులు లేరు.

26వ తేదీ కూడికకు నికోబారు యువకుడొకడు వచ్చెను. అతడు హిందీలో చెప్పగా ఒక సహోదరుడు నాకు తెలుగులో వినిపించెను. "అయ్యగారూ, 25 మాకు పుట్టినరోజు, 26 మాకు చావురోజు. రెండూ ప్రక్కప్రక్కనే ఉన్నవి. ఒకదానిని విడిచి మరొకటి చేయలేము. మా ఊరు తీరమునుండి లోపలికి జరిగినది గాని క్రిస్మస్‌ను మాత్రము జరుపలేదు."

ఆ మాట విన్నప్పుడు మత్తయి సువార్త రెండవ అధ్యాయము నాకు క్రొత్తగా తెరువబడినది. జ్ఞానులు బంగారము సమర్పించి వెళ్లిన వెంటనే బేత్లెహేము తల్లుల ఏడుపు వినబడుతుంది. పిల్లల క్రిస్మస్ నాటికలలో మనము ఆ భాగమును విడిచిపెడతాము. సువార్తికుడు విడిచిపెట్టలేదు. రక్షకుడు పుట్టినది ఏడుపు లేని లోకములో కాదు, ఏడుపు ఉన్న ఇంటి ప్రక్కనే.

మరునాడు సిప్పీఘాట్ అనే చోటికి తీసికొనిపోయిరి. భూకంపమునకు అక్కడి నేల సుమారు ఒక మీటరు క్రుంగినది. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరు పొలాల్లోనికి వచ్చి, అవి సాగుకు పనికిరాకుండా పోయినవి. నీళ్లలో మునిగిన గట్లను చూచుచు చాలాసేపు నిలిచితిని. మన రైతుకు నీళ్లు రాక పొలము బీడు, అక్కడి రైతుకు నీళ్లు వచ్చి పొలము బీడు. ఇద్దరి చేతుల్లో మిగిలినది ఒకటే ప్రార్థన. అపొస్తలుడైన పౌలు ఓడ పగిలి మెలితే దీవిలో మూడు నెలలు శీతకాలము గడిపెను. వానలో తడిసినవారికి ఆ ద్వీపవాసులు మొదట చేసినది నిప్పు రాజేసి చేర్చుకొనుటయే. చలిలో ఉన్నవానికి ముందు ప్రసంగము కాదు, నిప్పు కావలెను.

ప్రియులారా, ఈ క్రిస్మస్‌కు మీ సంఘములో ఒక పని చేయుడి. పాటల బృందము బయలుదేరునప్పుడు, నక్షత్రము వ్రేలాడదీయని ఇల్లు ఏదో ముందుగా కనుగొనుడి. అప్పులకు తాళలేక రైతు పోయిన ఇల్లు, కొడుకు వలసపోయి ఉత్తరము ముక్క లేని ఇల్లు, భర్తను పోగొట్టుకొన్న చెల్లెలి ఇల్లు. మొదటి పాట అక్కడ పాడుడి. వారు ఏడ్చినయెడల ఆపకుడి. వారు ఇచ్చే కాఫీ త్రాగి, కాసేపు కూర్చుండి, ఆ ఇంటి పిల్లలచేతనే ఒక నక్షత్రము కట్టించి రండి. వెదురుబద్దలకు, రంగుకాగితానికి పెద్ద ఖర్చేమీ కాదు.

చీకటిలో నడిచివచ్చేవారికి ఏ ఇల్లు తెలియవలెనో దేవునికి తెలియును. ఆ ఇంటి ముందు దీపము పెట్టే పని ఆయన మనకు అప్పగించెను. అట్టి కృప ప్రభువు మనందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.