శిక్ష ఆమె ఒక్కదానికేనా?

చెప్పొద్దూ, ఈ నలభై ఆరేళ్ళ వయసులో వీధి తలుపు గడియ పెట్టుకుని మరీ ఒక సినిమా చూశాను. మావారి క్యారియరు సర్ది పంపించి, వంటగట్టు తుడుచుకున్నాక సాయంత్రం దాకా ఇంట్లో నేనొక్కదాన్నే. సినిమా రెండు గంటల ముప్ఫై ఏడు నిమిషాలు. నా తీరికకి సరిగ్గా సరిపోయింది.

అసలు దీనికి కారణం మా అమ్మాయి. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. దానికి కొరియా సినిమాల పిచ్చి, దానితో పాటు నాకూ అంటించింది. ఆ మధ్య ఇద్దరం కూర్చుని 2022లో వచ్చిన 'డెసిషన్ టు లీవ్' చూశాం. అందులో నాయిక టాంగ్ వెయ్‌ని చూసి నేను ముచ్చటపడుతుంటే, "ఈవిడ చైనా ఆవిడమ్మా. మొదట్లో ఒక సినిమా చేసినందుకు వాళ్ళ దేశంలో టీవీల్లో కనపడకుండా చేశారు" అంది. ఏం సినిమా అంటే, "నువ్వు చూడలేవులే" అని నవ్వేసింది. అలా అంటే ఊరుకుంటామా!

దాని పేరు 'లస్ట్, కాషన్'. 2007లో వచ్చింది. మన టబు నటించిన 'లైఫ్ ఆఫ్ పై' తీసిన ఆంగ్ లీయే దీన్నీ తీశాడు. కథ రాసింది ఐలీన్ చాంగ్ అనే రచయిత్రి. రెండో ప్రపంచ యుద్ధం నాటి కథ. చైనాలో చాలా భాగం జపాను వాళ్ళ చేతుల్లో ఉంది. 1938లో హాంకాంగ్‌లో చదువుకుంటున్న వాంగ్ చియాచి అనే అమ్మాయి, తోటి విద్యార్థులతో కలిసి దేశభక్తి నాటకం వేస్తుంది. చప్పట్లు మోగిపోతాయి. ఆ ఊపులో పిల్లలంతా జపాను వాళ్ళకి అమ్ముడుపోయిన యీ అనే అధికారిని చంపాలనుకుంటారు. అతన్ని వలలో వేసుకునే పని ఈ పిల్లకి అప్పగిస్తారు. వ్యాపారస్తుడి భార్యలా వేషం కట్టి, యీ భార్యతో 'మాజాంగ్' ఆడుతూ ఆ ఇంట్లో చేరుతుంది. అది బిళ్ళలతో ఆడే ఆట. ఆ ఆడవాళ్ళు ఆడుతూ ఒకరి చేతి ఉంగరాలు ఒకరు చూసుకోవడం, ధరల గురించి మాట్లాడుకోవడం చూస్తే మన పక్కింటి వాళ్ళలాగే అనిపించారు.

అప్పుడు కుదరని పని, తర్వాత షాంఘైలో మళ్ళీ మొదలవుతుంది. అక్కడే 'ఆ' సన్నివేశాలు. నిజమే, నేను రెండుసార్లు కళ్ళు పక్కకి తిప్పుకున్నాను. పిల్లలున్న గదిలో పెట్టే సినిమా కాదు, ముందే చెబుతున్నాను. కానీ అవి సరదాకి పెట్టినవి కావు. మొదటిది చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది, అంత కర్కశం. ఆ పిల్ల తన మనసు ఎలా నలిగిపోతోందో పై మనిషికి చెప్పబోతే, ఆయన వినలేక ఇక చాలంటాడు. పని చేయించుకోవడానికి పనికొచ్చింది గానీ, దాని బాధ వినడానికి ఒక్కరూ లేరు.

చివరికి నగల కొట్లో వజ్రపుటుంగరం వేలికి తొడుగుతున్నప్పుడు, అతని కళ్ళల్లో ప్రేమ చూసి, వెళ్ళిపొమ్మని హెచ్చరిస్తుంది. అతను బతికిపోతాడు. ఆ రాత్రే ఈమెనీ, స్నేహితుల్నీ కాల్చేస్తారు. ఆ ఆజ్ఞ మీద సంతకం అతనిదే.

ఈ సినిమాకి వెనిస్ ఉత్సవంలో 2007లో పెద్ద బహుమతి, బంగారు సింహం వచ్చింది. అమెరికాలో పదిహేడేళ్ళు, ఆ లోపు వాళ్ళని రానివ్వలేదు. చైనాలో కొంత కత్తిరించి ఆడించారు. దేశద్రోహిని ప్రేమించి వదిలేసినట్టు చూపించడం దేశభక్తులకి అవమానమని కొందరు మండిపడ్డారు. 2008 మార్చిలో టాంగ్ వెయ్‌ని టీవీల్లో చూపించకూడదని ఆదేశాలొచ్చాయి. ఆవిడ చేసిన ముఖం క్రీము ప్రకటన కూడా ఆగిపోయింది. మరి అవే సన్నివేశాల్లో నటించిన టోనీ లియుంగ్ మాట? అదే ఏడు 'రెడ్ క్లిఫ్' అనే భారీ సినిమాలో వీరుడిగా చైనా అంతటా కనిపించాడు!

ఇక్కడే నాకు నా సంగతి గుర్తొచ్చింది. 1996లో మేము ఇంటర్ రెండో ఏడు. కాలేజీ వార్షికోత్సవంలో నాటకం వేశాం. నేను భార్యని, తోటి కుర్రాడు భర్త. ఆఖరి సీనులో చనిపోయిన భర్త తల నా ఒళ్ళో పెట్టుకుని ఏడవాలి. నిజంగానే ఏడ్చాను, జనమూ ఏడ్చారు. మర్నాడు ఎవరో నాన్నతో ఏదో అన్నారు. అంతే, పరీక్షలు రాయించారు గానీ డిగ్రీలో చేర్చలేదు. మరుసటేడు పెళ్ళి. ఆ కుర్రాడు ఇంజనీరింగు చదివి పెద్ద ఉద్యోగంలో ఉన్నాడట. ఉండాలి కూడా, అతని తప్పేముంది? కానీ నా తప్పు మాత్రం ఏముంది?

నా కాపురానికేం లోటు లేదు. టాంగ్ వెయ్ కూడా ఊరికే కూర్చోలేదు. 2010లో మళ్ళీ తెర మీదకొచ్చి, కొరియా సినిమాల్లో ఉత్తమ నటి బహుమతులు అందుకుంది. 2014లో అక్కడి దర్శకుణ్ణే పెళ్ళి చేసుకుంది. నాకా రెండో అవకాశం రాలేదు, అంతే తేడా.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా ఫ్రిజ్ మీద నాలుగు రోజులుగా ఒక కాగితం ఉంది. మా అమ్మాయి కాలేజీ నాటకంలో వేషం వేయడానికి పెద్దవాళ్ళ అంగీకార పత్రం. చూద్దాంలే, చూద్దాంలే అని తప్పించుకుంటున్నాను. మా నాన్న నోటి మాటే నా నోట్లోంచి వస్తోందని నాకే తెలియలేదు. ఆ సాయంత్రం సంతకం పెట్టేశాను.

రాత్రి భోజనాలయ్యాక మావారికి అన్నీ చెప్పాను, నా పాత నాటకంతో సహా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు నాటకాలు వేసేదానివా? ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదే!" అన్నారు. అమ్మాయి రిహార్సల్ ఆలస్యమైతే తనే వెళ్ళి తీసుకొస్తానన్నారు.

మా అమ్మాయి మాత్రం వదలట్లేదు. నా డైలాగులు చెప్పమని పీకుతోంది. ఇరవై తొమ్మిదేళ్ళయినా ఒక్కటీ మర్చిపోలేదండీ!