అయిదు తూటాలా, ఆరు తూటాలా? (హఫీజ్‌పేట్ ముచ్చట్లు - 14)



ఈసారి మా చెరువు గురించి రాస్తానని చెప్పిన. అది వచ్చేవారం. నడుమల ఒక ముచ్చట అడ్డం పడ్డది. అది రాయకుంటే ఇంకోటి రాయబుద్ధయితలేదు.

ఆదివారం పొద్దున మా అక్క కొడుకు ఇంటికొచ్చిండు. కొండాపూర్‌ల సాఫ్ట్‌వేర్ కొలువు. తనతో చదువుకున్న పిల్లను ఏడాది కింద పెండ్లి చేసుకున్నడు. ఆ పిల్లది మన కులం కాదు. ఏ కులమో రాయను, ఆ పిల్ల ఇప్పుడు మా ఇంటి పిల్ల. ఇద్దరూ హఫీజ్‌పేట్ ఎంఎంటీఎస్ స్టేషన్ అవతల కిరాయికుంటున్నరు. చాయ్ గ్లాసు పక్కకు పెట్టి, ల్యాప్‌టాప్ నా దిక్కు తిప్పి, "మామా, ఇందుల ఏది మంచిదో చెప్పు" అన్నడు. స్కూటరో, ఫ్రిజ్జో అనుకొని కండ్లద్దాలు పెట్టుకున్న. చూస్తే రివాల్వర్లు.

ఎక్సెల్ షీటు. ఫ్రేమ్, తూటాలు, బ్యారెల్, బరువు అని వరుసలు. ఎన్‌సీసీల పాయింట్ టూటూ రైఫిల్ తప్ప నేను ఏ తుపాకీ పట్టలేదు. వాడే నాకు పాఠం చెప్పిండు.

మాగ్నమ్ అంటే తుపాకీ పేరు కాదట. ఎక్కువ మందుతో, ఎక్కువ ఒత్తిడితో పేలే తూటా. .357 మాగ్నమ్‌ను స్మిత్ అండ్ వెస్సన్ 1935ల తెచ్చింది, .44 మాగ్నమ్‌ను 1955ల. ఆ ఒత్తిడిని తట్టుకునేది ఫ్రేమ్, అంటే తుపాకీ అస్థిపంజరం. ఆ కంపెనీ ఫ్రేములకు అక్షరాలు పెట్టింది. జె చిన్నది, జేబుల పడ్తది, కానీ చక్రంల పట్టేది అయిదు తూటాలే. కె నడిమిది, ఆరు. ఎల్ ఇంకొంచెం బలమైంది, ఆరు లేదా ఏడు. ఎన్ పెద్దది, .44 మాగ్నమ్ దాని మీదనే వచ్చింది. 2003ల వచ్చిన ఎక్స్ ఫ్రేమ్ అన్నిటికంటే పెద్దది, అయినా .500 తూటా లావు కాబట్టి దాంట్ల కూడా అయిదే పడ్తయ్. ఫ్రేమ్ పెద్దదయితే తూటాలు పెరుగుతయనేది లెక్క కాదు, తూటా ఎంత లావన్నది కూడా చూడాలె.

బ్యారెల్ సంగతి కూడా చెప్పిండు. రెండంగుళాలదయితే అంగీ కింద దాగుతది. కానీ మందు పూర్తిగా కాలకముందే తూటా బయటపడ్తది, వేగం తగ్గుతది, మంట, చప్పుడు ఎక్కువ, గురి కష్టం. నాలుగంగుళాలు మధ్యస్తం. ఆరంగుళాలు గురికి మంచిది, కానీ మోసుకొని తిరగలేం. బరువుదీ అంతే. నాలుగంగుళాల 686 కిలో దాటుతది, ఆ బరువే దెబ్బను మింగుతది. మూడువందల ముప్పై గ్రాముల తేలిక జె ఫ్రేమ్‌ల మాగ్నమ్ పేలిస్తే పేల్చినోని చెయ్యే గుంజుతది. మోసేటప్పుడు సుఖంగా ఉండేది పేల్చేటప్పుడు కష్టం, పేల్చేటప్పుడు సుఖంగా ఉండేది మోసేటప్పుడు కష్టం.

"ఇదంతా ఎందుకురా?" అని అడిగిన.

వాడు ల్యాప్‌టాప్ మూసిండు. ఇరవై రోజుల కింద ఇద్దరు మనుషులు బండి మీద అపార్ట్‌మెంట్ గేటు కాడికి వచ్చిన్రట. వాచ్‌మన్‌ను వీని పేరు చెప్పి ఏ ఫ్లాటని అడిగిన్రట. ఆ రాత్రి పిల్ల ఫోన్‌కు వాళ్ల పెదనాన్న కొడుకు నంబరు నుంచి కాల్. మాట లేదు, ఊపిరి చప్పుడే. అప్పటి సంది పిల్ల బాల్కనీల బట్టలు ఆరేస్తలేదు.

ఇగ నాకు తెలిసింది నేను చెప్పిన. ఈ షీటుల ఉన్నవేవీ నీకు దొరకయ్. మామూలు లైసెన్సుదారు విదేశీ తుపాకీ తెప్పించుకోవడం 1980ల నడుమనే బంద్ అయింది. ఉన్న పాతవి చేతులు మారితే లక్షలు. మనకు దొరికేది కాన్పూర్ సర్కారు ఫ్యాక్టరీల .32 బోర్. .38, 9 ఎంఎం పోలీసు, మిలిటరీ బోర్లు కాబట్టి పౌరులకు .32 మిగిలింది. 2014ల నిర్భయ పేరు తలపించేటట్టు నిర్భీక్ అని తెచ్చిన్రు: 500 గ్రాములు, ఆరు తూటాలు, అప్పటి ధర సుమారు 1.22 లక్షలు. 2023ల ప్రబల్ వచ్చింది: 76 మిల్లీమీటర్ల బ్యారెల్, 675 గ్రాములు. .357 తూటా బలంల .32ది నాలుగో వంతు కూడా ఉండదు.

"అదైనా చాలు మామా" అన్నడు.

అప్పుడు ప్రణయ్ పేరు ఎత్తక తప్పలేదు. 2018 సెప్టెంబర్ 14, మిర్యాలగూడ. కడుపుతో ఉన్న భార్యను ఆస్పత్రిల చూపించుకొని బయటికొస్తుంటే వెనక నుంచి వచ్చి కత్తితో నరికిండు. ఆ సీసీటీవీ వీడియో మనమందరం చూసినం. ప్రణయ్ నడుముకు ఎన్ని అంగుళాల బ్యారెల్ ఉంటే ఏం చేసేటోడు? వెనకకు తిరిగే సందే లేదు. కేసుల నల్లగొండ కోర్టు తీర్పు వచ్చేసరికి 2025 మార్చి అయింది. ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం.

కారంచేడుల 1985ల ఆరుగురిని, చుండూరుల 1991ల ఎనిమిది మందిని చంపినప్పుడు కూడా వాళ్ల చేతుల ఉన్నవి గొడ్డళ్లు, బరిసెలు, కత్తులే. తుపాకీ మన పల్లెల్ల ఎప్పుడూ గడీదే. 1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమురయ్యను కొట్టిన తూటా దొర మనుషులదే. ఊర్లె లైసెన్సు తుపాకీ ఎవరింట్ల గోడకు వేలాడ్తదో మీరే గుర్తు చేసుకోండ్రి. మనోడు తుపాకీ పట్టుకొని కనపడేది ఎక్కడ? బ్యాంకు క్యాష్ వ్యాన్ పక్కన, డబుల్ బ్యారెల్ భుజాన వేసుకొని ఇంకొకరి పైసలకు కావలి.

కానీ మిత్రులారా, చట్టం చదివితే ఇంకో కథ ఉంటది. 1959 ఆయుధాల చట్టం 14వ సెక్షన్ల ఒక మాట ఉంది: ఆస్తి సరిపోను లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించొద్దు. 1995 అట్రాసిటీ నిబంధనల మూడోది ఇంకా ముందుకు పోతది. దాడులు జరిగే అవకాశమున్న ప్రాంతాలను సర్కారు గుర్తించాలె. అక్కడ ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల ఆయుధ లైసెన్సులు రద్దు చేసి, తుపాకులు సర్కారు ఆయుధాగారంల పెట్టించాలె. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులు ఇయ్యాలె. రాసి ముప్పై ఏండ్లు. మీ మండలంల ఈ నిబంధన కింద ఒక్క తుపాకైనా జమ చేయించిన్రా? ఒక్కరికైనా లైసెన్సు వచ్చిందా? తెలిస్తే కింద రాయండ్రి.

"అవసరమనుకుంటే" అన్న మాట దగ్గరే అంతా ఆగుతది. ఎవరు అనుకోవాలె? 1956ల అమెరికాల మాంట్‌గొమరీ పట్నంల మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబేసిన్రు. ఆయన తుపాకీ దగ్గర పెట్టుకునే అనుమతికి దరఖాస్తు పెట్టిండు. ఇయ్యలేదు. ఇంటి మీద బాంబు పడ్డోనికి కూడా అవసరం లేదని అధికారి అనుకుండు. తర్వాత ఆయన ఇంట్ల తుపాకులే వద్దనుకున్నడు. ఆ నిర్ణయం గొప్పదే. కానీ ముందుగాల అడిగిండు, కాదన్నరు, అది కూడా చరిత్రే.

మా అల్లుడు అంతా విని, "నువ్వు ముప్పై ఏండ్లుగా దరఖాస్తులు పెడ్తనే ఉన్నవ్ మామా. అవి నన్ను కాపాడ్తయా?" అన్నడు. నాకు కోపం రాలేదు. జవాబు కూడా రాలేదు.

సోమవారం ముగ్గురం కలిసి పోయి పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చినం. తేదీలు, ఫోన్ నంబరు, వాచ్‌మన్ చెప్పిన మాట, గేటు కెమెరా రికార్డు పెన్‌డ్రైవ్‌ల. 2018 మార్చి 27న శక్తివాహిని కేసుల సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కాపీ జత చేసినం. ఇష్టపడి పెండ్లి చేసుకున్నోళ్లకు బెదిరింపులుంటే రక్షణ ఇయ్యాలె, జిల్లా జిల్లాకు ప్రత్యేక సెల్లు, 24 గంటల హెల్ప్‌లైన్ ఉండాలె అని అందుల ఉంది. ఆ తీర్పు వచ్చిన ఆరు నెలల లోపలే ప్రణయ్‌ను చంపిన్రు, అది కూడా నాకు యాదికుంది. రసీదు ఇచ్చేదాంక అక్కడే కూసున్నం.

లైసెన్సు దరఖాస్తు కూడా పెడ్తున్నం. కమిషనరేట్ పరిధిల ఇచ్చేది పోలీస్ కమిషనరే. శిక్షణ సర్టిఫికెట్ కావాలె, ఇంట్ల భద్రంగా దాచే ఏర్పాటు చూపాలె. నాకు ఇష్టం లేదు, ఆ మాట వానికి చెప్పిన. ఇంట్ల తుపాకీ ఉంటే మొదటి భయం ఇంట్లోళ్లకే. రేపు పిల్లలు పుడ్తరు. కానీ అడిగే హక్కు వానిది. కాదంటే కారణం కాయితం మీద రాసియ్యమందాం.

అప్పటిదాంక పిల్ల రాత్రి షిఫ్టు నుంచి వచ్చేటప్పుడు స్టేషన్ కాడికి నేనో, మా కాలనీ సంఘం పిల్లలో పోతున్నం. నిన్న రాత్రి నలుగురం పోయినం. రైలు ఇరవై నిమిషాలు లేటు. పిల్ల దిగంగనే, "మామయ్యా, ఇంత మంది ఎందుకొచ్చిన్రు?" అని నవ్వింది. చాలా రోజులకు.

హఫీజ్‌పేట్, చందానగర్, మియాపూర్ దిక్కు ఉండేటోళ్లు వారంల ఒక్క రాత్రి వీలైతే నాకు మెసేజ్ పెట్టండ్రి. మంగళ, శుక్రవారాలు ఖాళీ ఉన్నయ్.

జై భీమ్.