చివరి డబ్బాలో మాట

శ్రావణమాసం శనివారాలు వచ్చాయంటే మా ఇడుపులపాయ దారిలో బస్సులన్నీ గండి వైపే. వీరాంజనేయస్వామిని చూసుకుని, పాపాఘ్నిలో కాళ్ళు తడుపుకుని, ఎటూ ఇంతదూరం వచ్చాం కదా అని ట్రిపుల్ ఐటీలో చదివే పిల్లల్ని కూడా చూసి పోయే అమ్మానాన్నలు ఆ నెలలో ఎక్కువ. మూడేళ్ళ కిందట అట్లా వచ్చిన ఒకామె మా ఇంటి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగింది. నీళ్ళతో పాటు రెండు నిప్పట్లు పెట్టాను. "అక్కా, ఇవి మా పిల్లకు నెలకోసారి చేసిస్తారా? డబ్బులిస్తాను" అంది. మా వ్యాపారం, అనొచ్చో లేదో గానీ, అట్లా మొదలైంది.

ఇప్పుడు నేనూ మా తోడికోడలూ కలిసి నిప్పట్లు, కజ్జికాయలు, కారంపొడి, పండగలప్పుడు ఓళిగలు చేస్తున్నాం. పదో తరగతి అయిపోగానే ఆరేళ్ళ చదువుకని ఇక్కడికొచ్చి చేరే పిల్లలు. తల్లుల బెంగంతా తిండి మీదే ఉంటుంది.

మొదట్లో ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. ఒకరు మాటగా పంపిస్తారు, ఒకరు అర్ధరాత్రి రాస్తారు, ఇంకొకరు పొద్దున కిలో అని సాయంత్రం రెండు కిలోలంటారు. చేతికి పిండి అంటుకుని ఉండగా ఫోను ఎన్నిసార్లని తుడుచుకోను? ఒకసారి ఒక పాప పేరే మర్చిపోయాను. ఆ పాప గేటు దాకా వచ్చి ఉత్తచేతులతో వెనక్కి పోయిందని తెలిసి రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

మా పెద్దమ్మాయి ఈ ట్రిపుల్ ఐటీలోనే చదివి ఇప్పుడు ఇంట్లోంచే ఉద్యోగం చేస్తోంది. నా అవస్థ చూసి, "మా, నీకొక వెబ్ పేజీ చేసిస్తా. అందులో ఫారం ఉంటుంది. వాళ్ళే నింపుతారు. నీకు ఈమెయిల్‌గా వచ్చేస్తుంది" అంది. రెండు ఆదివారాలు కూర్చుని చేసింది. పేరు, ఊరు, ఫోను నంబరు, పిల్లల హాస్టలు, ఏం కావాలి, ఎన్ని కిలోలు, అన్నిటి కిందా "మీరు ఇంకేమైనా చెప్పాలనుకుంటే" అని ఒక పెద్ద డబ్బా. ఆ చివరి డబ్బా నేనే పెట్టించాను. ఆడవాళ్ళం కదా, లెక్క చెప్పి ఊరుకోలేం, ఇంకో మాట ఉంటుంది మనకు.

మొదటి వారం బాగానే జరిగింది. అందరూ ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసేవారు. తరువాత ఒక గురువారం వచ్చిన మెయిలు చూసి నేను నోరెళ్ళబెట్టాను. నిండా శాతం గుర్తులు. ఒక శాతం గుర్తు, ఒక అక్షరం, ఒక సున్నా, మళ్ళీ శాతం గుర్తు. తెరను పైకి తోసేకొద్దీ అదే. మధ్యలో ఫోను నంబరొకటీ, నిప్పట్లు రెండు కిలోలు అన్న ముక్కా మాత్రం తెలిశాయి.

నాకు కావలసినవి దొరికాయి కదా అనుకున్నాను. చివరి డబ్బాలో కూడా ఏదో రాసినట్టు ఉంది. "బాగా చేయండక్కా" అనో, "కొంచెం కారం తగ్గించండి" అనో ఉంటుందిలే అనుకుని వదిలేశాను. శుక్రవారం పిండి కలిపాం. బియ్యప్పిండి, పుట్నాల పొడి, నువ్వులు, ఎండుకారం, వేయించి పొట్టు తీసిన శెనక్కాయలు. శనివారం పొద్దున మా ఆయన ఆ పొట్లం హాస్టలు గేటు దగ్గర ఇచ్చి వచ్చారు.

సాయంత్రం దీపం పెట్టి వచ్చి అమ్మాయికి ఫోను చూపించాను. "ఇదేందే, మీ కంప్యూటరు కూడా కారం తిన్నట్టుంది." అమ్మాయి నవ్వి, ఆ గుర్తులన్నీ ఎత్తి ల్యాప్‌టాప్‌లో ఎక్కడో వేసింది. అవి తెలుగులోకి మారాయి. దాని ముఖంలో నవ్వు పోయింది. "మా, ఆ పొట్లం ఇచ్చేసినారా?"

తెర మీద ఇట్లా ఉంది: "అక్కా, మా పిల్లోడికి శెనక్కాయలు పడవు. చిన్నప్పుడొకసారి తిని ఊపిరాడక ఆస్పత్రిలో పెట్టినాం. అవి లేకుండా చేస్తారని నమ్మి అడుగుతున్నా. కుదరకపోతే వద్దులే అక్కా."

నా కాళ్ళు వణికాయి. ఫోను నంబరు అంకెల్లో ఉంది కాబట్టి సరిపోయింది. ఆ తల్లికి ఫోను చేశాను. ఏం చెప్పానో నాకే గుర్తు లేదు. ఆమె ఒక్క మాటా అనకుండా పెట్టేసి కొడుక్కి చేసుకుంది. ఆ పది నిమిషాలు దేవుడి పటం ముందు నిలబడే ఉన్నాను. తిరిగి చేసి, "పొట్లం విప్పలేదంట అక్కా. పక్క గది పిల్లలకు ఇచ్చేయమని చెప్పినా" అంది. తరువాత మెల్లగా, "నేను రాసినా కదక్కా" అంది.

అవును, రాసింది. నేనే చదవలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక మా అమ్మను తలుచుకున్నాను. అమ్మకు చదువు రాదు. మామ దగ్గర్నుంచి ఇన్‌లాండ్ లెటరు వస్తే పోస్టాయనే చదివి వినిపించేవాడు. ఎండలో తిరిగి అలసిపోయిన మనిషి, సగం చదివి "అంతా క్షేమమేనంటమ్మా" అని మడిచి ఇచ్చేవాడు. నేను బడికి పోయి అక్షరాలు వచ్చాక పాత ఉత్తరాలు తీసి చదివితే, ఒకదాంట్లో అత్తకు కానుపు కష్టమైందనీ ఒకసారి వచ్చిపొమ్మనీ ఉంది. అమ్మ పోలేదు. ఆ మాట అమ్మకు చేరనే లేదు. బీఏ తెలుగు చదివిన నేను, నాకు తెలుగులో వచ్చిన మాటను ఆ పోస్టాయన లాగే సగంలో మడిచేశాను.

మరునాడు అమ్మాయిని కూర్చోబెట్టి, "అసలు ఏం జరిగిందో నాకు అర్థమయ్యేటట్టు చెప్పు" అన్నాను. అది చెప్పిందీ, తరువాత నేను తెలుసుకున్నదీ మీకూ చెప్తాను. ఇంటి నుంచి ఏదో ఒకటి చేసి అమ్ముకునే వాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం కదా.

కంప్యూటర్లు మొదట ఇంగ్లీషు కోసం పుట్టినవి. వాటి అక్షరాల పెట్టెలో 128 గళ్ళే ఉండేవి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులతోనే అవి నిండిపోయాయి. 1971లో రే టామ్లిన్‌సన్ ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి మొదటి మెయిలు పంపినప్పుడూ ఆ గళ్ళే. ప్రపంచంలోని లిపులన్నిటికీ చోటిచ్చే యూనికోడ్ 1991లో వచ్చింది. అందులో మన తెలుగుకు వరసగా 128 గళ్ళు కేటాయించారు. ఆ మరుసటేడు న్యూజెర్సీలో ఒక హోటల్లో రాత్రి భోజనానికి కూర్చుని, కంచం కింద వేసే కాగితం మీద కెన్ థాంప్సన్ ఒక పద్ధతి గీశాడట. ఎదురుగా రాబ్ పైక్ ఉన్నాడు. అదే యూటీఎఫ్-8. ఇప్పుడు మనం ఫోనులో చదివే తెలుగంతా దాదాపు దాని మీదే నడుస్తోంది. ఇంగ్లీషు అక్షరానికి అందులో ఒక గింజ చాలు. తెలుగు అక్షరానికి మూడు గింజలు కావాలి.

ఫారం నింపి బొత్తాం నొక్కగానే, ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ ఉన్నవి ఉన్నట్టే పోతాయి. తెలుగులో ఒక్కో గింజనూ శాతం గుర్తు, దాని పక్కన రెండు గుర్తులుగా మూటకట్టి పంపుతారు. అందుకే 'మ' అన్నది %ఈ0%బీ0%ఏఈ అయి వస్తుంది. ఒక్క 'నమస్కారం' తీసుకోండి. న, మ, స, పొల్లు, క, దీర్ఘం, ర, సున్న, మొత్తం ఎనిమిది. మూడేసి గింజల చొప్పున ఇరవై నాలుగు. ఒక్కో గింజకు మూడేసి గుర్తుల చొప్పున 72. నమస్కారం పెట్టడానికే 72 గుర్తులైతే ఆ తల్లి రాసింది ఎంత పొడుగు వచ్చి ఉంటుందో చూసుకోండి. ఫోను నంబరూ కిలోలూ ఎందుకు తెలిశాయో కూడా అప్పుడు నాకు అర్థమైంది.

"ఆ మూట మధ్యలో విప్పాలి మా. విప్పకుండా వచ్చింది వచ్చినట్టే నీకు పంపేటట్టు రాసినా. పరీక్షకని ఇంగ్లీషులో 'టెస్ట్' అని రాసి చూసి సరిపోయిందనుకున్నా" అంది అమ్మాయి తల వంచుకుని. ఏమనగలను? తప్పులో సగం నాది.

అది సరిచేశాక ఇంకో వింత వచ్చింది. శాతం గుర్తులు పోయి, నెత్తిన గీటు పెట్టిన ఇంగ్లీషు 'ఏ', దాని పక్కన డిగ్రీ గుర్తు లాంటి చిన్న సున్నా, ఇవే మళ్ళీ మళ్ళీ. మూట విప్పాం గానీ ఇది ఏ పద్ధతిలో కట్టిందో మెయిలు నుదుటి మీద రాయలేదు. అందుకని అవతలి యంత్రం మూడు గింజల్నీ విడివిడిగా మూడు ఐరోపా అక్షరాలనుకుని చూపించింది. పొల్లు గానీ గుడి దీర్ఘం గానీ వచ్చిన చోట చిన్న సున్నా బదులు ప్లస్ మైనస్ గుర్తు ఉంటుందని నేనే కనిపెట్టాను. మా అమ్మాయి నావైపు చూసిన చూపు మీరు చూడాల్సింది! మెయిలు పైభాగంలో "ఇది మామూలు రాత, యూటీఎఫ్-8" అని ఒక వరస చేర్చగానే తెలుగు తెలుగుగా వచ్చింది. సబ్జెక్టు వరసకు మాత్రం ఆ మాట వర్తించదట, దానికి మళ్ళీ వేరే మూట కట్టాలి. గోనెసంచి లోపల బియ్యం బాగున్నా పైన కట్టిన చీటీ విడిగా రాసుకోవాలి కదా, అట్లా.

ఆఖరున ఇంకొకటి మిగిలింది. పేరు, ఊరు, హాస్టలు, చెప్పిన మాట అన్నీ ఒకే వరసలో కలిసిపోయి వచ్చేవి. అది చూస్తే నాకు తాళపత్రాలు గుర్తొచ్చాయి. మాటకూ మాటకూ మధ్య ఎడం లేకుండా ఆకు చివరి దాకా రాసుకుపోయేవారు. మన కడపలోనే సీపీ బ్రౌన్ తన బంగళాలో పండితుల్ని కూర్చోబెట్టి, ఒకే గ్రంథానికి నాలుగైదు ప్రతులు పక్కపక్కన పెట్టించి, రాయసగాళ్ళ తప్పులు దిద్దించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చులోకి రావడం వెనుక అంత పాటు ఉంది. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం. నాకు అంత పాటేమీ లేదు. ఒక్కో సంగతీ ఒక్కో వరసలో, ముందు దాని పేరు, తరువాత జవాబు, చివరి డబ్బాలో మాట అన్నిటికన్నా పైన వచ్చేటట్టు చెయ్యమన్నాను. అమ్మాయి చేసింది.

మీరు కూడా ఇట్లాంటిది పెట్టుకుంటే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మెయిల్లో పిచ్చిగీతలు కనబడితే భయం లేదు, మాట లోపల బతికే ఉంటుంది. తెలిసినవాళ్ళు విప్పి చదవగలరు. వరసగా ప్రశ్నార్థకాలే వస్తే మాత్రం మధ్యలో ఎక్కడో తెలుగు పట్టని డబ్బాలో పోశారని అర్థం. ఆ మాట ఇక పోయినట్టే, వాళ్ళకు ఫోను చేసి మళ్ళీ అడగాల్సిందే. ఏది వచ్చినా "ఏదోలే" అని మాత్రం వదలకండి. పరీక్ష చేసేటప్పుడు 'టెస్ట్' అని రాయకండి. ఒత్తులూ దీర్ఘాలూ ఉన్న తెలుగు వాక్యం, రెండు వరసల్లో రాసి చూడండి.

మా ఫారంలో ఇప్పుడు "పిల్లలకు పడనివి ఏమైనా ఉన్నాయా" అని ఒక ప్రశ్న విడిగా ఉంది. జవాబు ఇవ్వకుండా ఫారం ముందుకు పోదు. ఆర్డరు పెట్టినవాళ్ళకు కూడా వాళ్ళు రాసిందంతా తెలుగులో ఒక మెయిలుగా పోతుంది, మాకు ఏం అందిందో వాళ్ళూ చూసుకోవచ్చు. శెనక్కాయలు లేని వాటికి మూకుడు, నూనె, పిండి కలిపే పళ్ళెం అన్నీ వేరు. వాటిని మా తోడికోడలు ముట్టుకోనివ్వదు, నన్ను కూడా.

ఆ తల్లి మళ్ళీ రాస్తుందని నేను అనుకోలేదు. దసరాకు వారం ముందు మెయిలు వచ్చింది. అన్నిటికన్నా పైన చివరి డబ్బాలో మాట: "అక్కా, కజ్జికాయలు ఒక కిలో. మావాడికి ఏం పడదో మీకు తెలుసు కదా."

పిండి చేతుల్తోనే ఫోను పట్టుకుని రెండుసార్లు చదివాను. తరువాత ఆమెకు ఫోను చేసి, కొబ్బరి, పుట్నాలు, బెల్లం, ఇంకేమీ వెయ్యనని చెప్పాను. మెయిల్లో ఉన్నదే మళ్ళీ అడుగుతున్నానని ఆమెకూ తెలుసు. "అట్లనే అక్కా" అని నవ్వింది.